యుద్ధం నడిపినవాడే చరిత్ర రాస్తే

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

వంట, వార్పు ముగించుకుని ఇంత నడుం వాల్చుదామనుకునే వేళ యీ యుద్ధం కబుర్లేమిటమ్మా అంటారేమో! ఒక్క పావుగంట ఓపిక పట్టండి. మొదట మనింటి సంగతితోనే మొదలుపెడతాను.

పక్కింటావిడ మన వరండాలో కూర్చుని వాళ్ల పెద్ద ఆడబిడ్డతో ఫోనులో మాట్లాడుతోందనుకోండి. "నేనలా అనలేదు వదినా", "ముందే చెప్పాను గదా, మీరే వినలేదు", "సరే, ఇంక నేనేం మాట్లాడను" – యివీ మనకు వినిపించే మాటలు. అవతలావిడ ఏమందో మనకు తెలీదు. అయినా ఫోను పెట్టేసే సరికి మనం యీవిడ పక్షాన చేరిపోతాం. "అయ్యో పాపం, ఎంత ఓర్పు యీవిడకి!" అనేస్తాం. ఆ ఆడబిడ్డ ఎప్పుడైనా ఎదురుపడి తన వైపు నుంచి చెప్తే గాని సంగతి పూర్తిగా అర్థం కాదు.

రెండో ప్రపంచయుద్ధం మీద వచ్చిన పుస్తకాలలో బహుశా ఎక్కువ పేరు పొందిన పుస్తకం, చర్చిల్ రాసిన ఆరు సంపుటాల చరిత్ర చదువుతున్నంతసేపూ నాకు యీ ఫోను సంగతే గుర్తొచ్చింది. నేను మెట్రిక్ దాకా చదివి ఆపేసినదాన్ని. ఒక్కొక్క సంపుటమే లైబ్రరీ నుంచి తెచ్చుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, అర్థం కానిచోట మా వారిని విసిగించి, మొత్తానికి ఏడాదిన్నరకి పూర్తిచేశాను. ఇంత పట్టుదల ఎందుకూ అంటే మా అమ్మమ్మ కోసం. ఆ సంగతి తర్వాత చెప్తాను.

చర్చిల్ 1940 మే 10న బ్రిటన్ ప్రధానమంత్రి అయ్యాడు. అయిదేళ్లు యుద్ధం నడిపాడు. జర్మనీ లొంగిపోయింది. ఇంకేముంది, దేశమంతా నెత్తిన పెట్టుకుంటుందనుకుంటాం గదా! 1945 జులైలో ఎన్నికలు జరిగితే ప్రజలు ఆయన పార్టీని ఓడించారు. జులై 26న ఫలితాలొచ్చాయి. ఆ సాయంత్రమే రాజీనామా. అప్పటికి ఆయనకు 70 ఏళ్లు. భార్య క్లెమెంటైన్ ఓదార్పుగా, యీ ఓటమి మారువేషంలో వచ్చిన వరమేమో అన్నదట. ఆ వేషం మాత్రం భలేగా కుదిరింది, గుర్తుపట్టలేకుండా వుంది అని ఆయన బదులిచ్చాడట. ఆవిడ మాటే నిజమైంది. పదవి పోయింది గనకనే పుస్తకం వచ్చింది.

రాయడం ఆయనకు కొత్త కాదు. కుర్రతనంలో సైన్యంలో చేరి 1896లో మన దేశం వచ్చి బెంగుళూరులో వున్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో పనేమీ వుండేది కాదు. పుస్తకాలు పంపించమని తల్లికి ఉత్తరాలు రాసేవాడు. ఆవిడ ఇంగ్లండు నుంచి పెట్టెలకొద్దీ పంపేది. రోమ్ సామ్రాజ్య పతనం గురించి గిబ్బన్ రాసిన సంపుటాలూ, మెకాలే చరిత్రా అక్కడే చదివాడు. ఆ ఏడే సికిందరాబాద్ వచ్చి పోలో పందెంలో గోల్కొండ కప్పు గెల్చుకున్న జట్టులో ఆయనా ఒకడు. బెంగుళూరు క్లబ్బుకి 13 రూపాయలు బాకీ పడి తీర్చకుండానే వెళ్లిపోయాడు. వసూలుకాని బాకీల పట్టీలో ఆ పద్దు క్లబ్బువారి దగ్గర ఇప్పటికీ వుంది. ఇలాంటి పద్దులు దాచిపెట్టడంలో మనం కూడా తక్కువవాళ్లం కాదు గదా!

డబ్బు ఆయనకు ఎప్పుడూ చాలేది కాదు. కెంట్ జిల్లాలో చార్ట్‌వెల్ అనే పెద్ద ఇల్లు 1922లో కొన్నాడు. దాన్ని నిలబెట్టుకోవడమే గండంగా వుండేది. యుద్ధం తర్వాత ధనవంతులైన స్నేహితులు కొందరు కలిసి, ఒక జాతీయ సంస్థ పేర ఆ ఇల్లు కొని, బతికినన్నాళ్లూ ఆయన్నే అక్కడ వుండమన్నారు. పుస్తకం మీద వచ్చే డబ్బంతా పన్నులకే పోకుండా పిల్లల పేర ట్రస్టు పెట్టారు. అమెరికాలో పత్రికలు సీరియల్‌గా వేసుకునే హక్కులకే 10 లక్షల డాలర్లు దాటి ఇచ్చాయి. 1948లో మొదటి సంపుటం వచ్చింది. చివరిదైన ఆరోది అమెరికాలో 1953లోనూ, ఇంగ్లండులో 1954లోనూ వచ్చింది. అన్నీ కలిపితే 4 వేల పేజీల పైమాటే.

ఇంత పుస్తకం ఒక్కడే ఎలా రాశాడని ఆశ్చర్యపోకండి. ఆయన దగ్గర చిన్న దండే వుండేది. ఆక్స్‌ఫర్డ్ చరిత్రకారుడు డీకిన్, సేనాని పౌనల్, నౌకాదళం నుంచి అలెన్, కాగితాలు సర్దడానికి కెల్లీ అనే లాయరు – వీళ్లంతా కూర్చి చిత్తుప్రతులు ఇచ్చేవారు. వాటిని ఆయన తన గొంతులోకి మార్చుకునేవాడు. పొద్దున మంచంలోనే కాగితాలు, మధ్యాహ్నం నిద్ర, రాత్రి భోజనాలయ్యాక గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెప్తుంటే టైపు చేసే అమ్మాయిలు అర్ధరాత్రి దాటేదాకా కొట్టుకుంటూ పోవాలి. పెద్ద వంటలో కూరలు తరిగేవాళ్లు, రుబ్బేవాళ్లు, వార్చేవాళ్లు ఎందరో వుంటారు. పోపు మాత్రం పెద్దవంటావిడే పెడుతుంది. రుచి ఆవిడదే, పేరూ ఆవిడదే. ఇదీ అంతే.

రుచి మాత్రం కాదనలేం. మొదటి సంపుటంలో హిట్లర్ ఎలా పెరిగి పెద్దవాడయ్యాడో, మిగతా దేశాలు చూస్తూ ఎలా వూరుకున్నాయో చెప్తాడు. మొదట్లోనే అడ్డుకుని వుంటే యీ యుద్ధమే వచ్చేది కాదంటాడు. రెండో సంపుటంలో 1940. ఫ్రాన్స్ పడిపోయింది. లండను మీద రాత్రి తర్వాత రాత్రి బాంబులు. అప్పుడు లొంగకుండా నిలబడ్డ ఘట్టాలు చదువుతుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయినా తెలీదు; నాకు రెండుసార్లు అలాగే అయింది.

నాకింకా నచ్చినవి వెనకాల అనుబంధాల్లో వేసిన ఆయన చిట్టీలు. యుద్ధం నడుపుతూనే అధికారులకు రోజూ చిన్న చిన్న చిట్టీలు పంపేవాడు. తిండి మంత్రికి కోడిగుడ్ల గురించీ, మాంసం గురించీ కూడా రాశాడు. అక్కడ 1940 జనవరి నుంచి రేషను వుంది. ఇల్లు కూలినవాళ్లకీ, వండుకోలేనివాళ్లకీ ప్రభుత్వం చవకగా భోజనం పెట్టే చోట్లు తెరిచింది. వాటికి 'సామూహిక భోజన కేంద్రాలు' అని అధికారులు పేరు పెట్టబోయారు. చర్చిల్‌కు ఆ పేరు వినగానే ధర్మసత్రం గుర్తొచ్చిందేమో, అది వద్దు, 'బ్రిటిష్ రెస్టారెంట్లు' అనండి, ఆ మాటలోనే మంచి భోజనం వుంది అని 1941 మార్చిలో చిట్టీ రాశాడు. ఆ పేరే నిలిచింది. పెట్టే అన్నం ఒకటే అయినా, తినేవాడి తల వంగకుండా పెట్టాలన్న ఇంగితం వుంది చూడండి, అది గొప్ప గుణమే.

మరి చిక్కు ఎక్కడుంది? ఆ చిట్టీల్లోనే వుంది. ఆయన పంపిన చిట్టీలు వందలకొద్దీ వేశాడు. వాటికి అవతలివాళ్లు ఇచ్చిన జవాబులు చాలామటుకు వెయ్యలేదు. ఆయన గద్దిస్తాడు, హెచ్చరిస్తాడు, అడుగుతాడు. అవతలి సేనాని "అయ్యా, అది కుదరదు, యీ కారణాల వల్ల" అని రాశాడో, లేక "అదెప్పుడో చేసేశాం" అన్నాడో మనకు తెలీదు. అంచేత అందరూ నిద్రపోతుంటే ఆయనొక్కడే మేలుకుని వున్నట్లు కనిపిస్తుంది. ఇదేనండీ నేను చెప్పిన ఫోను.

ఆయన దాన్ని దాచలేదు కూడా. ఇది చరిత్ర కాదు, చరిత్ర రాసేవాళ్లకు నేనిచ్చే సరుకు అనే అర్థం వచ్చేలా ముందుమాటలోనే చెప్పుకున్నాడు. 1948లో పార్లమెంటులో హాస్యానికి, గతాన్ని చరిత్రకు వదిలెయ్యడం మంచిది, ఎందుకంటే ఆ చరిత్ర రాయబోయేది నేనే అన్నాడు. నవ్వుతూ అన్నా నిజమే అన్నాడు!

ఆయన చెప్పనివి కొన్ని తర్వాత కాలంలో బైటపడ్డాయి. యుద్ధం కొనసాగించాలా వద్దా అన్న ప్రశ్న 1940లో మంత్రివర్గం ముందుకు రానేలేదని ఆయన రాశాడు. 1970ల మొదట్లో ఆనాటి మంత్రివర్గం కాగితాలు అందరూ చూడటానికి తెరిచారు. చూస్తే 1940 మే 26 నుంచి 28 దాకా మూడు రోజులు సరిగ్గా యీ మాటే చర్చించారు. ఇటలీ ద్వారా రాజీ షరతులు ఎలా వుంటాయో కనుక్కుందామని విదేశాంగ మంత్రి హాలిఫాక్స్ అన్నాడు. వద్దని చర్చిల్ గట్టిగా నిలబడి నెగ్గాడు. నన్నడిగితే, నిజం రాసి వుంటే ఆయన మరింత పెద్దవాడుగా కనిపించేవాడు. భయం లేనివాళ్లంతా కలిసి నిలబడటం కంటే, తటపటాయిస్తున్న వాళ్లను నిలబెట్టడం కష్టం గదా. కాని అప్పటికి హాలిఫాక్స్ ఇంకా బతికే వున్నాడు, ఒకే పార్టీవాడు. పదిమందిలో ఆ మాట ఎత్తడం బాగుండదని వూరుకున్నాడు.

ఇంకొకటి చెప్పడానికి వీల్లేనిది. జర్మన్లు రహస్య లిపిలో పంపుకునే వార్తల్ని ఇంగ్లండులో బ్లెచ్లీ పార్క్ అనే చోట విప్పి చదివేవారు. చర్చిల్‌కు అవి రోజూ అందేవి. ప్రభుత్వ రహస్యం గనక పుస్తకంలో ఆ వూసే లేదు. 1974 దాకా లోకానికి తెలియలేదు. అంటే శత్రువు ఎత్తు ఆయన ముందే కనిపెట్టాడని మనం చదివిన కొన్ని చోట్ల, నిజానికి శత్రువు ఉత్తరమే ఆయన చేతిలో వుందన్నమాట. బ్లెచ్లీలో యుద్ధం చివరికి సుమారు 9 వేలమంది పనిచేశారు. నూటికి 75 మంది ఆడవాళ్లే! ఆడవాళ్ల నోట్లో నువ్వుగింజ నానదంటారే, వీళ్లలో చాలామంది ముప్ఫై ఏళ్లపాటు కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. ఈసారి మీ ఇంట్లో ఎవరైనా ఆ సామెత ఎత్తితే యీ సంగతి చెప్పండి.

చివరి సంపుటం వచ్చే నాటికి చర్చిల్ మళ్లీ ప్రధానమంత్రి. అమెరికాలో, యుద్ధంలో తనతో వాదులాడిన సేనాని ఐసెన్‌హోవర్ అధ్యక్షుడయ్యాడు. ఇక ఆయన మీద ఘాటు మాటలు ఎలా రాస్తాడు? కొన్ని తగ్గించాడు, కొన్ని తీసేశాడు. వియ్యంకుడైన వాడి మీద పాత ఫిర్యాదులు చెప్పుకోం గదా!

ఇప్పుడు మా అమ్మమ్మ సంగతి. 1942లో ఆవిడకి 12 ఏళ్లు. వాళ్లు విశాఖపట్నంలో వుండేవారు. ఆ ఏడు మార్చిలో రంగూన్ జపాను వశమైంది. పొట్ట చేతపట్టుకుని అక్కడికి వెళ్లిన మన తెలుగువాళ్లు వేలాదిమంది కొండలూ అడవులూ పడి నడిచి వచ్చారు. ఏప్రిల్ 5న జపాను విమానాలు కొలంబో మీద బాంబులు వేశాయి. మర్నాడు, ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీదా కాకినాడ మీదా పడ్డాయి. వూరు వూరంతా కదిలిపోయింది. ఉడుకుతున్న అన్నం పొయ్యి మీదే వదిలేసి, అడుగున మిగిలిన పాత ఆవకాయ జాడీ మాత్రం ఒళ్లో పెట్టుకుని మా ముత్తమ్మమ్మ బండెక్కిందట. విజయనగరం అవతల పల్లెలో చుట్టాలింట ఏడాది పైన వున్నారు. బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. ధరలు మండిపోయాయి. గంజి నీళ్లు పారబొయ్యకుండా అందరికీ పంచుకుని తాగేవాళ్లమనేది. జీవితాంతం ఆవిడ పళ్లెంలో ఒక్క మెతుకు వదల్లేదు, మమ్మల్ని వదలనివ్వలేదు.

నేను పెళ్లయ్యాక ఒకసారి పుట్టింట్లో పాత పత్రికలో చర్చిల్ పుస్తకం గురించి చదివి వినిపిస్తే, అంతా విని ఒక్క ప్రశ్న అడిగింది. "మేం పడిందేమైనా అందులో వుందిటే?" అప్పటికి నేను చదవలేదు. "ఏమో అమ్మమ్మా, చదివి చెప్తాలే" అన్నాను.

నాలుగో సంపుటంలో ఆయన మన దేశం గురించి రాశాడు. యుద్ధకాలంలో ప్రపంచంలో మరే పెద్ద జనసముదాయమూ లేనంత భద్రంగా, యుద్ధపు ఘోరాలు సోకకుండా హిందూదేశ ప్రజలు వున్నారనీ, ఆ రక్షణ తమ చిన్న దీవి బలం వల్లనే దొరికిందనీ దాని సారాంశం. ఈ సంపుటం 1950లో అమెరికాలోనూ, మరుసటేడు ఇంగ్లండులోనూ వచ్చింది. అంటే 1943 బెంగాల్ కరువు జరిగి ఏడెనిమిదేళ్లు మాత్రమే అయింది. ఆ కరువులోనూ, దాని వెంట వచ్చిన జబ్బుల్లోనూ పోయినవాళ్లు 15 లక్షలని అప్పటి విచారణ సంఘం చెప్తే, తర్వాతి పరిశోధకులు 30 లక్షల దాకా చెప్పారు. కలకత్తా వీధుల్లో అన్నం కూడా కాదు, గంజి నీళ్లు పొయ్యమని తల్లులు ఇల్లిల్లూ తిరిగారు. అన్ని వేల పేజీల్లో ఆ కరువుకి దక్కిన చోటు దాదాపు లేనట్లే.

తప్పంతా ఒక్కడిదే అనడం న్యాయం కాదు. 1942 అక్టోబరులో తుఫాను మిదునపూర్ ప్రాంతాన్ని వూడ్చేసింది. బర్మా బియ్యం ఆగింది. జపాను వాళ్లకు చిక్కకూడదని తీరప్రాంతంలో పడవలు, ధాన్యం ప్రభుత్వమే తీసేసుకుంది. వ్యాపారులు దాచేశారు. ఇన్ని కలిశాయి. కాని ఓడల్లో ధాన్యం పంపండని ఢిల్లీ నుంచి కబురు మీద కబురు వెళ్తే, లండను మంత్రివర్గం అడిగినంత పంపలేదు. ఆ మంత్రివర్గానికి పెద్ద చర్చిల్. ఉన్న ఓడలు యుద్ధానికే చాలవన్నది వాళ్ల వాదన. వాదన ఏదైనా, జరిగింది రాయాలి గదా! ఎవరి ఆకలికి ముందు పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఏం తేల్చారో చెప్పాలి గదా! మన దేశం నుంచి 25 లక్షల పైన సైనికులు ఆ యుద్ధంలో పనిచేశారు. లండనులో తినేవాడి తల వంగకూడదని భోజనశాల పేరు మార్పించిన మనిషి చేతే, ఇక్కడి గంజి కోసం చాచిన చేతులు పుస్తకంలోకి రాలేదు. నాకు యీ రెండూ ఒకే మనిషిలో వుండటమే మింగుడుపడలేదు.

అవతలి వైపు మాటలు మెల్లమెల్లగా వినిపించాయి. 1943 అక్టోబరులో వైస్రాయిగా వచ్చిన వేవెల్, ధాన్యం కోసం లండనుతో ఎన్నిసార్లు పోట్లాడవలసి వచ్చిందో రోజూ డైరీలో రాసుకున్నాడు. అది 1973లో అచ్చయింది. చర్చిల్ కింద సైన్యాధిపతిగా వున్న అలన్‌బ్రూక్ కూడా డైరీ రాశాడు. అది తన భార్యకు చెప్పుకుంటున్నట్లుగా రాసుకున్నది! పగలంతా ప్రధానితో వాదించి విసిగిపోయి, రాత్రి ఇల్లాలికి మొర పెట్టుకున్నాడు. 1957 నుంచి అదీ బైటికొచ్చింది. చర్చిల్ పట్టుదలా, మొండితనమూ రెండూ అందులో కనిపిస్తాయి. మన అమర్త్యసేన్ గారు 9, 10 ఏళ్ల పిల్లాడుగా ఆ కరువు కళ్లారా చూసి, పెద్దయ్యాక 1981లో కరువుల మీద పుస్తకమే రాశారు. తిండి లేకపోవడం వేరు, వున్న తిండి కొనే స్తోమత లేకపోవడం వేరని చెప్పారు.

మరి చర్చిల్ పుస్తకం చదవొద్దా అంటే, తప్పకుండా చదవండి. 1953లో ఆయనకు సాహిత్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన రాసిన చరిత్రలకూ, జీవిత కథలకూ, ఉపన్యాసాలకూ కలిపి ఇచ్చారది. ఆయన అమెరికా అధ్యక్షుడితో సమావేశానికి బెర్ముడా వెళ్తే, స్వీడన్ వెళ్లి బహుమతి అందుకున్నది క్లెమెంటైనే. ఆరు సంపుటాలు చదవలేనివాళ్లకు 1959లో ఒక్క సంపుటంగా కుదించినదీ వుంది. అయితే చదువుతూ వున్నప్పుడు, ఇది ఫోనులో ఒకవైపు మాట అని మాత్రం జ్ఞాపకం పెట్టుకోండి. "దీనికి అవతలివాళ్లు ఏమన్నారో?" అని అనుకుంటూ చదవండి. మీ పిల్లలు చరిత్ర పాఠం చదువుకుంటుంటే వాళ్లనూ ఆ ప్రశ్న అడగండి.

మరొక్క మాట చెప్పి సెలవు తీసుకుంటాను. నేను పుస్తకం పూర్తిచేసేసరికి అమ్మమ్మ లేదు. "లేదమ్మమ్మా, మీరు పడింది అందులో లేదు" అని చెప్పే అవసరం రాలేదు. కాని ఆవిడ చెప్పిన కబుర్లలో నేను రాసిపెట్టుకున్నది ఒక్క ముక్క లేదు. ఆ పల్లె పేరేమిటో, ఏడాది పైన అన్నం పెట్టిన ఆ చుట్టాలెవరో ఇవాళ మా అమ్మకీ గుర్తు లేదు, నాకూ తెలీదు. చర్చిల్ దగ్గర టైపు చేసే అమ్మాయిలూ, కాగితాలు సర్దే లాయర్లూ వున్నారు. మా అమ్మమ్మ దగ్గర నేను వున్నాను, నేను రాయలేదు.

మీ ఇళ్లల్లో పెద్దవాళ్లు ఇంకా వుంటే, పప్పు ఏరుకుంటూనో, పూలు కట్టుకుంటూనో వాళ్లు చెప్పే పాత కబుర్లు "ఎన్నిసార్లు చెప్తావులే" అని కొట్టిపారెయ్యకండి. పిల్లలు వదిలేసిన నోటుపుస్తకాల్లో సగం కాగితాలు ఖాళీగానే వుంటాయి. ఒకటి తీసుకుని తేదీ వేసి, వూరి పేరు, మనిషి పేరు అడిగి రాసిపెట్టండి. వెంటనే అడగండి.